సూక్ష్మజీవుల భయంతో అమ్మాయి చదువు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి దంతవైద్యం చదువుతానంటోంది. రోగుల రక్తం, లాలాజలం వల్ల ఆమెకు హెచ్‌ఐవీ వంటివి సోకుతాయేమోనని నా భయం. దానికి బదులు మెడికల్ మైక్రోబయాలజీ గానీ, ఇప్పుడు అందరూ చెబుతున్న, డీఎన్‌ఏను యంత్రంతో చదివి క్రిములను గుర్తించే జీనోమ్ విశ్లేషణ గానీ చదివిస్తే క్షేమమా? మూడింటినీ పోల్చి చెప్పండి. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు పోలిక అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది బిడ్డకు ఏమవుతుందోనన్న బెంగ ఒక్కటే. ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇదే బెంగతో రాస్తారు కాబట్టి, ప్రవేశపరీక్షల సంగతి పక్కనపెట్టి ముందు దానికే సమాధానం చెబుతాను.

మీ భయం పూర్తిగా నిరాధారమని అనను. టీకా వేసుకోని వ్యక్తికి హెపటైటిస్-బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, వ్యాధి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో అది సుమారు 0.3 శాతమే, ఆ ముప్పు కూడా 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే మరింత తగ్గుతుంది. అంటే మీరు పేరు పెట్టి భయపడిన వ్యాధి కన్నా, మీ ఉత్తరంలో ప్రస్తావనకే రాని వ్యాధి సులువుగా అంటుకుంటుంది. దానికి 1980ల నుంచే టీకా ఉంది. ఇంతగా కలవరపడిన మీరు, అమ్మాయికి ఆ టీకా మూడు మోతాదులూ పూర్తయ్యాయో లేదో ఒక్క ముక్క రాయలేదు. కటువుగా ఉంటే మన్నించండి, కానీ బిడ్డ ఇష్టాన్ని మార్చడానికి పడుతున్న ఆత్రంలో కొంతైనా టీకా కార్డు వెతకడానికి పడవలసింది.

ఇక మైక్రోబయాలజీ క్షేమమన్న మాట నాకు నవ్వు తెప్పించింది. దంతవైద్యుడి దగ్గరకు సూక్ష్మజీవులు రోగితో పాటు వస్తాయి. ప్రయోగశాలలో వాటిని పనిగట్టుకుని పెంచుతారు. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాను పెంచిన పాత్రను అజాగ్రత్తగా తెరిచి సిబ్బంది జబ్బుపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. రెండు చోట్లా కాపాడేది పద్ధతే: గ్లవ్స్, మాస్కు, వాడిన సూదికి మళ్లీ రెండు చేతులతో మూత పెట్టకపోవడం, పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి, ఆ ఆవిరి నిజంగా పనిచేసిందో లేదో వేడికి లొంగని బ్యాక్టీరియా స్పోర్లతో (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలతో) పరీక్షించడం. దంతవైద్య యంత్రాల సన్నని నీటి గొట్టాల్లో పేరుకునే జీవపొరను, అంటే సూక్ష్మజీవుల జిగురు పొరను, అదుపులో ఉంచడం కూడా ఇందులో భాగమే, అయితే అది ఎక్కువగా రోగి కోసం.

జీనోమ్ విశ్లేషణ మీద నాకున్న సందేహాలను దాచను. నమూనాలో ఒక క్రిమి డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన, అది బతికి ఉందో చచ్చిందో, జబ్బుకు కారణమో, లేక నమూనా తీసేటప్పుడు చర్మం మీది నుంచి కలిసిందో యంత్రం తనంతట తాను తేల్చలేదు. స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు కొందరి పేగుల్లో దశాబ్దాల పాటు అలికిడి లేకుండా ఉండి, వేరే జబ్బుకు స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు విజృంభించి ప్రాణం తీయగలదు. ఆ రోగి గతంలో ఎక్కడ నివసించాడో అడిగి, పురుగును అనుమానించి, ముందుగానే పరీక్షకు పంపే మనిషి కావాలి. జీవశాస్త్రం, గణాంకశాస్త్రం రెండింటిలోనూ పునాది ఉన్నవారికి ఇది మంచి రంగమే. రోగిని తాకనక్కర లేదన్న ఒక్క కారణంతో చేరేవారికి మాత్రం కాదు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా ఇదీ: దంతవైద్యానికి చేతి నేర్పు, రోగితో మాట్లాడే ఓర్పు కావాలి, మైక్రోబయాలజీకి సూక్ష్మదర్శిని ముందు గంటల కొద్దీ కూర్చునే నిదానం కావాలి. అమ్మాయికి రెండూ ఇష్టమైతే దిగులు పడనక్కర లేదు. 1683లో లీవెన్‌హుక్ అనే డచ్ పరిశీలకుడు సూక్ష్మదర్శినితో పంటి పాచిలో కదిలే జీవులను చూసి రాసిన నాటి నుంచి ఇవి దాయాది చదువులే.

హెపటైటిస్-బి టీకా ఇంకా వేయించకపోతే, సాధారణ పద్ధతిలో మూడు మోతాదులకు ఆరు నెలలు పడుతుంది; చివరి మోతాదు తర్వాత ఒకటి రెండు నెలలకు, టీకా పనిచేసిందో లేదో తెలిపే యాంటీబాడీల పరీక్ష చేయించాలి. అమ్మాయి రోగుల దగ్గరకు వెళ్లేలోగా ఇదంతా పూర్తి కావాలి కనుక, ఆ కార్డును ఈ వారమే వెతకండి.