వసారాలో ఆ మంచం

*నా వయసు 36. మూడేళ్లుగా పొత్తికడుపులో నొప్పి. మూత్రం నిండేకొద్దీ మంట, పోసుకుంటే కాస్త ఉపశమనం. యూరిన్ కల్చర్, స్కానింగ్ అన్నీ నార్మల్. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న బాబాయి నాతో తప్పుగా ప్రవర్తించేవాడు. వసారాలో పడుకునేవాడు. దొడ్లోకి వెళ్లాలంటే అతని మంచం దాటాలి, అందుకని తెల్లారేదాకా ఉగ్గబట్టుకునేదాన్ని. అమ్మకు చెబితే నోరు మూయించింది. ఇప్పటికీ పండక్కి వెళితే అతనికి నన్నే వడ్డించమంటుంది. తిరిగొచ్చాక నొప్పి ఎక్కువవుతోంది. పాపను సెలవులకు అక్కడికే పంపుతాను. ఎమ్మారై తీయించుకోనా?*
*– ఒక సోదరి, ఏలూరు*

ఎమ్మారై సంగతి యూరాలజిస్టు చూసుకుంటారమ్మా, అది నన్ను అడగాల్సింది కాదు. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ ఏమీ లేనప్పుడు మీ అంతట మీరు యాంటీబయాటిక్స్ మాత్రం మింగకండి.

మీ నొప్పి భ్రమ కాదు. ఆరు వారాలు దాటినా తగ్గకుండా, ఇన్ఫెక్షన్‌గానీ మరో కారణంగానీ దొరకని ఇలాంటి నొప్పిని బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. ఇది ఉన్నవాళ్లందరికీ మీలాంటి గతం ఉండదు. కానీ చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లు వీరిలో ఎక్కువగా కనిపిస్తున్నారని పలు అధ్యయనాల్లో తేలింది. భయపడితే మూత్రాశయం కిందుండే కండరాలు బిగుసుకుంటాయి. నరాలు అతిగా స్పందించడం మొదలైతే, కాస్త నిండినా నొప్పి అనే కబురే పంపుతాయి. ఆ కండరాలను వదులు చేయించే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. ఎవరో చెప్పారని ఆ కండరాలనే బిగించే కెగెల్ వ్యాయామాలు చేస్తే బిగిసినదాన్ని ఇంకా బిగించినట్టే. సైకాలజిస్టునూ కలవండి. అందాకా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇక అసలు విషయం. అతని మీద మీకున్నది అసహ్యం. దాంతో మీకు పేచీ లేదు. మిమ్మల్ని తినేస్తున్నది మీ అమ్మగారు. ఆనాడు మరిదిని ఇంట్లోంచి పంపలేకపోయారు, సరే, ఆవిడ మాట చెల్లే ఇల్లు కాదేమో. ఈనాడు మీ చేతికి గరిటె ఇచ్చి అతని విస్తరి దగ్గర నిలబెట్టడానికి ఏ సాకూ లేదు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. తల్లికి జబ్బు చేస్తే చూడండి, మందులకు డబ్బు పంపండి, అది కూతురి ధర్మం. ఆ వడ్డన ధర్మం కాదు. "అతనున్న ఇంటికి నేను రానమ్మా" అని ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. మీవారికి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం.

ఉత్తరం చివర్లో పాప గురించి ఒక్క వాక్యం రాసి ఎమ్మారైకి వెళ్లిపోయారు. ఈ వేసవికి ఆ పిల్లను అక్కడికి పంపకండి.