‘తోదోస్’ అనాలా, ‘తోదేస్’ అనాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. డిగ్రీ అయ్యాక విజయనగరంలో రూమ్ తీసుకుని ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. అర్జెంటీనా మేడమ్ క్లాసు మొదలెట్టగానే ‘ఓలా తోదేస్’ (అందరికీ హలో) అంటారు. స్పెయిన్ సార్ దగ్గర అదే అంటే, అసలు అలాంటి మాటే లేదని కోప్పడ్డారు. పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పరీక్షలో ‘తోదోస్’ అనే రాయమ్మా, మార్కుల దగ్గర పేచీ వద్దు. అలాగని మేడమ్ తప్పు మాట్లాడుతున్నారని అనుకోకు.

మనం ‘వాళ్లొచ్చారు’ అంటే ఆడా మగా అందరూ వచ్చినట్టే. స్పానిష్‌లో ఆ వెసులుబాటు లేదు. అందరూ ఆడవాళ్లయితే ‘తోదాస్’, వాళ్లలో ఒక్క మగాడున్నా ‘తోదోస్’. 1713లో మాడ్రిడ్‌లో పుట్టిన, స్పానిష్ భాషకి పెద్దదిక్కులాంటి రాయల్ స్పానిష్ అకాడమీ, ‘తోదోస్’లో ఆడవాళ్లూ ఉన్నట్టే అంటుంది, రాజ్యాంగంలో భాషని ఆడవాళ్లూ కనపడేలా మార్చాలా అని స్పెయిన్ ప్రభుత్వం అడిగితే 2020లోనూ అక్కర్లేదనే చెప్పింది. అది నచ్చనివాళ్లు ‘తోదోస్ ఇ తోదాస్’ అని రెండూ కలిపి అంటారు, మన మీటింగుల్లో మైకు పట్టుకుని అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా అన్నట్టు. ఆడా మగా కాని వాళ్లకి అందులోనూ చోటు లేదు కదా, అందుకే ‘ఒ’, ‘ఆ’ల బదులు ‘ఎ’ పెట్టి ‘తోదేస్’.

2018లో గర్భస్రావ హక్కు కోసం అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లోకి వచ్చిన కుర్రకారు నోట అది బాగా పాకింది. వ్యతిరేకత కూడా అక్కడే గట్టిగా ఉంది: 2022లో ఆ నగర ప్రభుత్వం బడి పాఠాల్లో దాన్ని నిషేధించింది, 2024లో దేశ ప్రభుత్వం తన ఆఫీసుల్లో. అమెరికాలో ‘లాటినో’, ‘లాటినా’ల బదులు ఆడా మగా తేడా లేకుండా వాడే ‘లాటినెక్స్’ మీద అంత చర్చ జరిగినా, ప్యూ అనే పరిశోధన సంస్థ 2020 సర్వేలో ఆ మాట వాడతామన్న స్పానిష్ మూలాలవాళ్లు 3 శాతమే. వద్దనేవాళ్లంతా ఆడవాళ్లంటే గిట్టనివాళ్లు కాదు, అలవాటు లేని మాటని నోట్లో కుక్కుతున్నారని చిరాకు పడేవాళ్లూ ఉన్నారు.

భాష పాడైపోతోందనే వాదన మాత్రం నాకు నచ్చదు. అధ్యక్షురాలిని ‘ప్రెసిదెంతా’ అనకూడదని ఇవాళ్టికీ వాదించేవాళ్లున్నారు, ఆ మాట అకాడమీ నిఘంటువులో 1803 నుంచే ఉంది! మన దగ్గర మాత్రం ఏం? ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడి విను: పలాస బస్సు ‘వచ్చింది’, చెల్లి ‘వచ్చింది’, తమ్ముడు మాత్రం ‘వచ్చాడు’. ‘వచ్చారు’ అనిపించుకోవాలంటే ఆడమనిషికి వయసో ఉద్యోగమో ఉండాలి. హిజ్రాలని ‘వచ్చాడు’ అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది, ‘వచ్చారు’ అంటే ఏం పోతుంది?

మేడమ్ క్లాసులో హాయిగా ‘తోదేస్’ అను. సార్ దగ్గర ‘లా హెంతే’ (జనం), ‘పెర్సోనాస్’ (మనుషులు) లాంటి మాటలు వాడుకో, వాటితో ఎవరికీ గొడవ లేదు. కానీ ఎవరైనా తమని ‘ఎ’తోనే పిలవమని అడిగితే అలాగే పిలువు, సార్ కోప్పడినా సరే.