మీ గుర్రం రాత్రి పడుకుంటోందా?

గుర్రాన్ని కొత్త శాలకు మార్చి మూడు రోజులైందని, సకిలింపులు ఆపడం లేదని, వేసిన ఎండుగడ్డిలో సగం వదిలేస్తోందని రాశారు. కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, స్వారీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు అని అడిగారు. దానికి జవాబు చెప్పే ముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ మూడు రాత్రుల్లో అది ఒక్కసారైనా కాళ్లు ముడుచుకుని నేల మీద పడుకుందా? మీరు చూశారా?

నా కస్తూరికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆరేళ్ల పాటు ఒకే శాలలో, పక్క గదిలో ఒకే తోడుతో బతికిన ఆడ గుర్రం. తప్పనిసరై మార్చాల్సి వచ్చింది. వాహనం దిగగానే తల పైకెత్తి, ముక్కుపుటాలు విప్పార్చి, ఊరంతా వినపడేలా సకిలించింది. రెండు రోజులు గదిలో గోడ వెంట తిరిగి తిరిగి, కింద పరచిన గడ్డిలో బాట పడేలా చేసింది. మూడో రోజుకు అరుపు ఆగింది. గడ్డి తినడం మొదలుపెట్టింది. "చూశారా, అలవాటు పడిపోయింది" అన్నారు శాల చూసుకునే ఆయన. నేనూ నమ్మాను.

నాలుగో రోజు ఉదయం కాళ్లు తుడుస్తుంటే ముందు కాళ్లలో గిట్టకు పైనున్న కీలు దగ్గర, సరిగ్గా ముందు వైపున, వెంట్రుకలు రాలిపోయి చర్మం గీరుకుపోయి కనిపించింది. రెండు కాళ్లకూ ఒకే చోట, బొటనవేలి గోరంత మచ్చలు. ప్రయాణంలో ఎక్కడో తగిలి ఉంటుందనుకుని మందు రాశాను. మర్నాటికి అవి ఇంకా పెద్దవయ్యాయి. ప్రయాణంలో తగిలిన దెబ్బ మానుతూ రావాలి గానీ పెరగడమేమిటి? ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా శాలలోనే, గదికి కాస్త దూరంగా చీకట్లో కూర్చున్నాను.

అర్ధరాత్రి దాటింది. కస్తూరి గది మధ్యలో నిలబడి ఉంది. కింది పెదవి వేలాడుతోంది, చెవులు పక్కలకు వాలిపోయాయి. తల కొద్దికొద్దిగా దిగుతూ ముట్టె మోకాళ్ల దాకా వచ్చింది. ఉన్నట్టుండి ముందు కాళ్లు రెండూ మడతపడ్డాయి. గిట్టల పైకీళ్లు నేలకు రాసుకున్నాయి. మోకాళ్లు నేలకు తగలబోతుండగా ఉలిక్కిపడి లేచి, కళ్లు ఇంతింత చేసుకుని చుట్టూ చూసింది. కాసేపటికి మళ్లీ అదే. తెల్లవారేలోపు ఏడుసార్లు అలా కూలబోయి లేచింది. ఒక్కసారి కూడా పడుకోలేదు. ఆ గాయాలు ఎలా అయ్యాయో అప్పుడు అర్థమైంది. ఐదు రాత్రులుగా ఆ ప్రాణికి నిద్ర లేదు. నేనేమో అరుపు ఆగిందని సంతోషించాను.

గుర్రం నిలబడే నిద్రపోతుందని చిన్న పిల్లలు కూడా చెబుతారు. అందులో సగమే నిజం. దాని కాళ్లలోని స్నాయువులు కీళ్లను బిగించి పట్టి ఉంచుతాయి కాబట్టి నిలబడి కునుకు తీయగలదు. నిద్రలో మనిషికైనా గుర్రానికైనా కలలు వచ్చే ఒక దశ ఉంటుంది, ఆ దశలో ఒంట్లోని కండరాలన్నీ వదులైపోతాయి. అది నిలబడి జరిగే పని కాదు. పక్కకు ఒరిగి పడుకోవాలి, లేదా కాళ్లు ముడుచుకుని ఛాతీ మీద వాలి ముట్టెను నేలకు ఆనించాలి. గుర్రం రోజు మొత్తం మీద నిద్రపోయేదే 3 నుంచి 5 గంటలు, అందులో ఈ నిద్ర సుమారు 30 నిమిషాలు. ఆ అరగంటా రోజుల తరబడి దక్కకపోతే శరీరం నిలబడి ఉండగానే దాన్ని లాక్కుంటుంది, కాళ్లు మడతపడతాయి.

మరి ఎందుకు పడుకోదు? భయం వల్ల. పులికీ తోడేలుకూ ఆహారమైన జాతి అది. నేల మీద ఉన్న గుర్రం లేచి పరుగందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాలే ప్రాణం తీస్తాయి. అందుకే మందలో కొన్ని పడుకుంటే కనీసం ఒకటైనా నిలబడి కాపలా కాస్తుంది. కాపలా లేని చోట గుర్రం నడుము వాల్చడానికి వెనకాడుతుంది.

కస్తూరికి ఇచ్చినది వరుసలో చివరి గది. మూడు వైపులా గోడలు, తలుపు మీదుగా చూస్తే దాణా గది గోడ తప్ప ఏమీ కనపడదు. కొత్తగా వచ్చింది కాబట్టి వేరుగా ఉంచామన్నారు. వేరుగా ఉంచడం ముమ్మాటికీ సరైన పనే. స్ట్రాంగిల్స్ లాంటి అంటువ్యాధి సోకితే లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే రెండు మూడు వారాల పాటు బకెట్లు, పగ్గాలు, కుంచెలు అన్నీ విడిగా ఉండాలి, ముట్టెకు ముట్టె తగలకూడదు. అంతమాత్రాన మరో గుర్రం కంటికి కూడా కనపడకూడదని ఎవరు చెప్పారు? అంటు తగలకుండా దూరం పాటించడం వేరు, ఒంటరి ఖైదు వేరు. ఈ తేడా తెలియని శాలలు చాలా చూశాను. "ఏడవనివ్వండి, అదే అలవాటు పడుతుంది" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిలిచి పిలిచి ఎవరూ పలకకపోతే ఏ ప్రాణైనా నోరు మూసుకుంటుంది. దాన్ని కుదురుకోవడం అనరు.

మర్నాడే గట్టిగా పట్టుబట్టి గది మార్పించాను. ఆవరణకు ఈ చివర ఉన్న గది అది. ఆవరణకు అవతల, తాకే వీల్లేనంత దూరంలో, ఎదురుగా ఒక ముసలి మగ గుర్రం ఉండేది. ఏ హడావుడికీ చలించనిది, మధ్యాహ్నాలు నిశ్చింతగా కాళ్లు చాపి పడుకునేది. కింద గచ్చు తగలకుండా పరుపు గడ్డి ఒత్తుగా వేయించాను. రోజూ మొత్తం ఊడ్చి, మందు నీళ్లతో కడిగేయడం మాన్పించాను. తడిసిన గడ్డి, లద్దె తీస్తే చాలు. కొత్త చోట గుర్రానికి తనదని చెప్పుకోవడానికి ఉన్నది తన వాసన ఒక్కటే, దాన్ని కూడా రోజూ కడిగి పారేస్తే ఎలా?

గది మారిన మొదటి రాత్రి కూడా పడుకోలేదు. రెండో రాత్రి గడిచాక ఉదయం వెళ్లేసరికి జూలులో మూడు నాలుగు గడ్డిపోచలు చిక్కుకుని ఉన్నాయి. ఎడమ డొక్క మీద అరచేయంత పచ్చటి లద్దె మరక, ఇంకా పూర్తిగా ఆరలేదు. కంటి కింద చెంప మీద గడ్డి అచ్చు పడి ఉంది. ఆ మరకను ఆ రోజు తుడవబుద్ధి కాలేదు నాకు. ఆ తర్వాత కాళ్ల మీద గాయాలు వాటంతటవే మానాయి.

ఇక మీ గుర్రం గడ్డి సగం వదిలేయడం గురించి. పాత శాల నుంచి ఎండుగడ్డి తెచ్చుకున్నారా? తెచ్చుకోకపోతే ఇప్పుడైనా వెళ్లి తెచ్చుకోండి. కొత్త గడ్డిని రోజూ కొంచెం కొంచెంగా పెంచుతూ 7 నుంచి 14 రోజుల్లో మార్చాలి. గుర్రం తిన్న గడ్డిని చివరి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు పులియబెట్టి అరిగిస్తాయి, వాటికి కొత్త మేత అలవాటు కావడానికి ఆ సమయం కావాలి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, పడనిది లోపలికి వెళ్తే బయటికి వచ్చే దారి లేదు. నీళ్లు బకెట్లోనే పెట్టండి. నొక్కితే నీళ్లు వచ్చే తొట్టి ఉంటే ఎంత తాగిందో మీకు తెలియదు. 500 కిలోల గుర్రం మామూలుగా రోజుకు 25 లీటర్లకు తక్కువ కాకుండా తాగుతుంది. నీళ్ల రుచి మారితే మూతి పెట్టి వదిలేసేవి ఉంటాయి, కొన్నాళ్లు పాత చోటు నీళ్లు తెచ్చి కలిపితే నయం.

గడ్డి పూర్తిగా మానేసినా, లద్దె వేయకపోయినా, కాలితో నేల గీరుతూ డొక్క వైపు తిరిగి తిరిగి చూస్తున్నా, వెంటనే పశువైద్యుడిని పిలవండి. దాని గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. నిలకడగా నిలబడి ఉన్నప్పుడు కూడా 60 దాటితే బెంగ అనుకుని వదిలేయకూడదు.

ఇంకో మాట. కొత్త గుర్రం వచ్చిందని తెలియగానే శాలలోని వాళ్లందరూ క్యారెట్లు పట్టుకుని వరుసగా వస్తారు, ముఖం నిమురుతారు, ఫొటోలు తీసుకుంటారు. మర్యాదగా వద్దనండి. ఎవరైనా బాధపడితే పడనివ్వండి. శాంతపరిచే పొడులు అంటగట్టేవాళ్లకు కూడా అదే జవాబు. తోడు లేక భయపడుతున్న ప్రాణికి పొడి వేస్తే ఏమొస్తుంది? మీరు మాత్రం రోజూ ఒకే వేళకు వెళ్లండి. పాత శాలలో ఏది ముందు చేసేవారో ఇక్కడా అదే ముందు చేయండి. మాలీసు అయ్యాక పగ్గం పట్టుకుని ఆవరణలో పావుగంట నడిపించండి, ఆగి చూస్తానంటే ఆగి చూడనివ్వండి. వేరుగా ఉంచే గడువు ముగిశాక మందలో కలిపేటప్పుడు కూడా ముందు కొన్నాళ్లు కంచెకు అటూ ఇటూ ఉంచాలి, వెనక కాళ్ల లాడాలు తీయించాలి. ఒక్క తన్నుకు కాలు విరిగిన గుర్రాలున్నాయి.

ఎన్నాళ్లు పడుతుందన్నారు. రోజుల లెక్క నేను చెప్పను, ఎవరు చెప్పినా నమ్మవద్దు. పడుకోని గుర్రం వీపు మీద జీను వేయడం నా దృష్టిలో అన్యాయం, ప్రమాదం కూడా. మీరు ఎక్కి కూర్చున్నప్పుడు ఆ కాళ్లు మడతపడితే?

రేపు ఉదయం కుంచె చేతిలోకి తీసుకోకముందే దాన్ని వెలుతురులో నిలబెట్టి చూడండి. జూలులో, తోకలో గడ్డిపోచలున్నాయా, డొక్క మీద మరక ఉందా, ముందు కాళ్ల కీళ్ల మీద చర్మం బాగుందా. గది కూడా చూడండి. గడ్డిలో ఒక చోట ఒళ్లు ఆనిన గుంట ఉంటే పడుకున్నట్టే. గదంతా కెలికేసి, గుర్రం చెమటతో తడిసి ఉంటే అది కడుపునొప్పితో దొర్లిన గుర్తు కావచ్చు, ఆలస్యం చేయకండి. ఏమీ కనపడకపోతే తలుపు దగ్గర దాని తల ఎత్తులో నిలబడి బయటికి చూడండి, అక్కడి నుంచి మరో గుర్రం కనిపిస్తోందో లేదో. ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, స్వారీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.