ముందు ఏది లొంగుతుందో చూసుకో

కర్నూలు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అనంతపురం జె.ఎన్.టి.యు.లో ప్రాజెక్టుకు స్టీల్ బీమ్-కాలమ్ జాయింట్లు తీసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. అప్పుడే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ మొదలుపెట్టకు. ముందు కాగితం మీద లెక్క వెయ్యి.

ఎండ్ ప్లేట్ జాయింటును, అంటే బీమ్ చివర ప్లేటు వెల్డింగు చేసి కాలమ్‌కు బోల్టులతో బిగించేదాన్ని, ఒకే ముక్కగా చూడొద్దు. బోల్టులు, ప్లేటు, కాలమ్ ఫ్లాంజ్ (అంచు పలక), కాలమ్ వెబ్ (నడిమి పలక), వెల్డింగు, ఒక్కోటీ ఎంత మోస్తుందో విడివిడిగా తియ్యి. స్టీలు కట్టడాలకు యూరప్ వాళ్లు రాసుకున్న కోడ్, యూరోకోడ్ 3లో 1-8 భాగం పద్ధతి ఇదే. అన్నిటికన్నా తక్కువ మోసేదే ఆ బోల్టు వరుస బలం. బలం సంగతి అంతే, ఓపికుంటే వచ్చేస్తుంది.

తిప్పలన్నీ డక్టిలిటీతోనే, అంటే తెగకుండా సాగే గుణంతోనే. ప్లేటు ముందు లొంగితే జాయింటు వంగుతూ మనకు తెలియజేస్తుంది. బోల్టు ముందు తెగితే చెప్పాపెట్టకుండా పోతుంది. ఎం20, 8.8 గ్రేడు బోల్టు (వ్యాసం 20 మి.మీ., తెగే బలం 800 మెగాపాస్కల్), యీల్డ్ (లొంగే బలం) 250 ప్లేటు అనుకో. ప్లేటే ముందు లొంగాలి, దాని మందం 0.36 × 20 × √(800/250), అంటే 12.9 మి.మీ. దాటకూడదు. అలాగైతే జాయింటు చాలినంత తిరుగుతుందని కోడ్ ఒప్పుకుంటుంది. 12 ప్లేటు వేశావు, బాగుంది. తీరా స్టీలు మిల్లు ఇచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లో యీల్డ్ 320 అని ఉంటే? హద్దు 11.4కి దిగిపోయింది! మంచి స్టీలు వచ్చిందని షెడ్డులో అందరికీ సంతోషమే, నీ జాయింటుకు మాత్రం కాదు. 250 అనేది కనీస విలువ. అందుకే జాయింటు టెస్టుకు వాడే ప్లేటులోంచే కూపన్ (నమూనా ముక్క) కోయించి లాగి చూడు. తాడిపత్రి రాళ్ల ఫ్యాక్టరీ షెడ్లు కట్టేవాళ్లనడుగు, "ఎందుకైనా మంచిదని 20 ప్లేటు వేశాం సార్" అంటారు. వాళ్ల ధైర్యం వాళ్లది.

స్టీలు సాగుతుంది కాబట్టి జాయింటూ సాగుతుందనుకోకు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో స్టీలు ఫ్రేముల భవనాలు నిలబడ్డాయి గానీ, బీమ్ ఫ్లాంజ్‌ను కాలమ్‌కు కలిపే వెల్డింగులు చాలాచోట్ల పగిలాయి. పైపూత ఒలిచి చూస్తేగానీ బయటపడలేదు.

ఇక మోడల్ మొదలుపెట్టాక ఒకటి చూసుకో. తెగే హద్దు నువ్వు ఇవ్వకపోతే కంప్యూటర్‌లో బోల్టు ఎప్పటికీ తెగదు, గ్రాఫు అలా సాగుతూనే ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోయి థీసిస్‌లో పెట్టేవు!

లెక్కల కాగితాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ప్లేటు అంచు కాలమ్‌ను నొక్కడం వల్ల బోల్టు మీద పడే అదనపు లాగుడు కలిపావో లేదో ముందు అది చూస్తాను.

మీ మామయ్య