కుక్కతో ఇబ్బంది లేదండీ, తలుపుతోనే

డాలస్ దగ్గర ఉంటున్నామని, క్యాంపర్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) అద్దెకు తీసుకుని కుక్కతో స్టేట్ పార్కుకి వెళ్తే అది ఇబ్బంది పెడుతుందా అని అడిగారు.

పెట్టదు. ముందు మనుషులు పెడతారు, తర్వాత ట్రైలర్ పెడుతుంది. మా జున్నుగాడు (లాబ్రడార్, 32 కిలోలు) మా ఇంట్లో అందరికన్నా బుద్ధిమంతుడు. అయినా మమ్మల్ని బయటే ఉంచి గడియ వేసుకున్నది వాడే. అసలు అది చెప్పడానికే ఈ జవాబు.

పోయిన సెప్టెంబర్ ఆఖర్లో గ్లెన్ రోజ్ దగ్గరి డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కుకి వెళ్లాం. ఐదు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, తెరిచిన రోజే పట్టుకుంటేగానీ వీకెండ్ దొరకదు. మా ఆయన దారంతా బాగానే తోలారు. సైటులోకి, అంటే పార్కువాళ్లు ట్రైలర్ నిలపడానికి ఇచ్చే చోటులోకి, రివర్స్ చేసేటప్పుడు మొదలైంది. ట్రైలర్ వెనక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా "ఎడమంటే నీ ఎడమా, నా ఎడమా" అని ఇరవై నిమిషాలు. పక్కవాళ్లు కుర్చీలు వేసుకుని మరీ చూశారు.

మర్నాడు పొద్దున్నే నేను బయట బల్ల మీద ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు కుక్కర్ లెండి) పొంగలి పెట్టాను. బయట ఎందుకంటే, ముందు రాత్రి లోపల పెడితే కరెంటు పోయింది. 30 ఆంప్స్ కనెక్షన్ అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీయే సగానికి దగ్గరగా తినేస్తుంది, దానికి తోడు వాటర్ హీటర్, కుక్కర్ అంటే బ్రేకర్ పడిపోక ఏమవుతుంది? సైటులో ఉండే కరెంటు పెట్టెలో 20 ఆంప్స్ సాకెట్ విడిగా ఉంటుంది, వంట దాని మీద చేసుకోండి.

మా ఆయన నీళ్ల పైపు చూడటానికి దిగారు. వెనకాలే మా అబ్బాయి. తలుపు దగ్గరగా వేశాం, అంతే. అందరం బయట కనిపించేసరికి జున్నుగాడు లోపల్నుంచి ముందుకాళ్లు రెండూ తలుపు మీద వేసి గీకాడు. టక్. లోపలి లాక్‌కి చిన్న లివర్ ఉంటుంది, కిందికి లాగితే పడిపోతుంది. వాడి పంజా సరిగ్గా దాని మీదే పడింది. తాళంచెవులు సింకు పక్కన, కారు తాళాలూ అక్కడే, ఫోన్లూ అక్కడే. మా ఆయన లుంగీలో, నేను నైటీ మీద చున్నీతో. వాడేమో కిటికీలోంచి తోక ఊపుతూ.

లోపల ఏసీ ఆడుతోంది కాబట్టి వాడికేం ఫర్లేదు, టెన్షన్ అంతా మాదే. పక్క సైటు తాతగారు కాఫీ కప్పుతో వచ్చి, మారుమాట లేకుండా తన గుత్తిలోంచి చిన్న తాళంచెవి తీసి మా ట్రైలర్ పక్కనుండే సామాన్ల అర తెరిచేశారు. ఆయన తాళంచెవితో, మా ట్రైలర్! దాని మీద సీహెచ్751 అని ఉంది. ఈ దేశంలో బోలెడు ట్రైలర్ల సామాన్ల అరలకి అదే తాళంచెవి అట. మా నాయనమ్మ ఆవకాయ జాడీలు పెట్టే అల్మరాకి ఇంతకన్నా గట్టి తాళం ఉండేది.

ఆ అర మంచం కిందిదాకా ఉంది. మా తొమ్మిదేళ్లవాడు పాక్కుంటూ వెళ్లి, తలతో మంచం చెక్క ఎత్తి లోపల తేలాడు. తలుపు తీద్దామంటే జున్నుగాడు తీయనిస్తేగా! వాణ్ణి పడేసి మొహమంతా నాకుడు. లోపల నవ్వులు, బయట కుక్కర్ బీప్ బీప్.

రూల్స్ అంటారా, తాడు ఆరు అడుగులకి మించకూడదు, కుక్కను ఒంటరిగా వదిలి వెళ్లకూడదు, కేబిన్లలోకి రానివ్వరు. అన్నీ కుక్కలకే చెబుతారు! సైటుకి ఎనిమిది మందే ఉండాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు అనేవి కూడా రూల్సే కదా. మనవాళ్లే ఒక గుంపు, ఒక్క సైటులో పదిహేను మంది, పదకొండున్నరకి అంత్యాక్షరి. జున్నుగాడు మాత్రం ఒక్కసారి కూడా మొరగలేదు.

ఆ పార్కులోంచి పారే పాలక్సీ నదిలో నీళ్లు తగ్గితేనే డైనోసార్ అడుగులు బాగా కనబడతాయి. 11 కోట్ల ఏళ్ల కిందటి అడుగు, మూడు వేళ్లు స్పష్టంగా ఉన్నాయి. అందులో నిలిచిన నీళ్లు జున్నుగాడు గబగబా తాగేశాడు. "డైనోసార్ నీళ్లు తాగేశాడమ్మా" అని మావాడి ఏడుపు. తిరిగొస్తుంటే కుక్క కుంటుతోంది. చూస్తే పల్లేరు కాయ! ఇక్కడ గోట్‌హెడ్ అంటారు. అనంతపురంలో నా కాళ్లకి వందసార్లు గుచ్చుకున్నదే, గోటితో పీకేశాను. నడిచాక పంజాలు ఒకసారి తడిమి చూడండి.

ఇంతకీ మీరు అడిగింది: నిక్షేపంగా తీసుకెళ్లండి. ట్రైలర్ తాళంచెవి మాత్రం ఒంటి మీద నుంచి దించకండి. మా ఆయన ఇప్పుడు మొలతాడుకి కట్టుకుంటున్నారు.