రెండు రోజులు ఒక్క ఎర్రర్ దగ్గరే... కోర్సు మార్పించాలా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి హైదరాబాద్‌లోనే బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. సీ ప్లస్ ప్లస్ పట్టుకుని వదలడు. మొన్న ఒక్క ఎర్రర్ దగ్గరే రెండు రోజులు కూర్చున్నాడు. మా ఆడపడుచు కొడుకేమో అమీర్‌పేటలో మూడు నెలల పైథాన్, ఏఐ కోర్సు చేసి అప్పుడే ప్రాజెక్టులు చూపిస్తున్నాడు. వీణ్ణీ అందులో చేర్చమంటారా, జావా నేర్పించమంటారా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏ భాష మంచిదని. మీ భయం మాత్రం మేనల్లుడు ముందుకెళ్లిపోయాడని. ఆ రెండు రోజులూ వృథా అనుకోకండి.

సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్ అని ఉంటుంది, అంకెల్లాంటివి వరసగా దాచుకునే డబ్బా అనుకోండి. నాలుగు అంకెలకే చోటున్న వెక్టర్‌లో మొదటి అంకె అడ్రస్, అంటే మెమరీలో అదున్న చోటు, దాచుకున్నాడనుకోండి. ఐదోది చేర్చగానే చోటు చాలక మొత్తం సరుకు మెమరీలో వేరే చోటికి మారిపోతుంది. వీడి చేతిలో మిగిలేది ఖాళీ చేసిన ఇంటి అడ్రస్. ఆ పాత అడ్రస్ వాడితే, ఇంట్లో నడిచిన ప్రోగ్రామ్ ల్యాబ్‌లో కూలిపోవచ్చు. ఒక్కోసారి కూలిపోకుండా తప్పు జవాబిస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఇలాంటి తప్పును వెతికి పట్టుకున్నవాడికి మెమరీ అంటే ఏమిటో తెలిసినట్టే.

అయితే రెండు రోజులు పట్టక్కర్లేదు. కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే జీ ప్లస్ ప్లస్ కంపైలర్‌లో వార్నింగులన్నీ ఆన్ చేసి, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడపమనండి. ఏ లైన్‌లో తప్పుడు అడ్రస్ వాడాడో, ఆ మెమరీ ఎక్కడ విడుదలైందో చూపిస్తుంది. కాలేజీలో ఇంకా నీలం తెర టర్బో సీ ప్లస్ ప్లస్సే ఉంటే, అది ఆ భాషకు 1998లో వచ్చిన స్టాండర్డ్ కన్నా ముందుది. ఇంట్లో కొత్త స్టాండర్డ్‌లు, సీ ప్లస్ ప్లస్ 17 గానీ 20 గానీ వాడాలి. మెమరీని చేత్తో తీసుకుని వదిలే న్యూ, డిలీట్ కన్నా ముందు, ఆ పని తామే చూసుకునే వెక్టర్, స్ట్రింగ్, యునీక్ పాయింటర్ చేతికి అలవాటవ్వాలి.

ఆ మూడు నెలల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. టైటానిక్ ప్రయాణికుల డేటా, ఇళ్ల ధరల డేటా, అందరి రెజ్యూమేలోనూ అవే. ఖాళీగా ఉన్న గడులను ఏం చేశావు, పరీక్షించడానికి పక్కన పెట్టిన టెస్ట్ డేటా, నేర్పించే ట్రైనింగ్ డేటాలో కలవలేదని ఎలా చెప్పగలవు అని అడిగితే నోరు పెగలదు. పైథాన్ మంచి భాషే. కానీ ఏఐకి వాడే పైటార్చ్, టెన్సర్‌ఫ్లో లైబ్రరీల లోపల బరువు మోసేది ఎక్కువగా సీ ప్లస్ ప్లస్సే.

జావా ఉద్యోగాలు ఎక్కువ, నిజమే. సీ ప్లస్ ప్లస్‌వి తక్కువ, చిప్‌లు, వాటిని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్, గేమ్ ఇంజన్ల వైపు ఉంటాయి. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు మన ఊళ్లోనే ఉన్నాయి. ప్రోగ్రామ్‌ను ముక్కలుగా పేర్చే క్లాసులు, ఒకదాన్నుంచి ఇంకోటి తయారుచేసే ఇన్‌హెరిటెన్స్ ఒంటబట్టినవాడికి జావాకి మారడం పెద్ద కష్టం కాదు. కంగారు పడకండి, రెండో ఏడాదేగా.

ఒకటి మాత్రం గట్టిగానే చెబుతాను. వాడి ముందు మేనల్లుడి పేరెత్తకండి. గంటకోసారి తలుపు తీసి "అయిందా?" అనకండి. ఆ ప్రశ్నకు భయపడే పిల్లలు ఎక్కణ్ణుంచో కోడ్ కాపీ కొట్టి చూపిస్తారు.

ఆరు వారాలు గడువివ్వండి. లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే చిన్న ప్రోగ్రామ్ రాసి, శానిటైజర్ ఒక్క తప్పూ చూపకుండా మీ ముందు నడిపించమనండి. అప్పటిదాకా ఏ కోర్సుకీ అడ్వాన్సు కట్టకండి.