కొండ రోడ్లలో తిరిగే పికప్ ఛాసిస్‌కి ఇంటి దగ్గరే బలానికి ఇనుప ప్లేట్లు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ మీరు రాసిన పద్ధతిలో వద్దు. క్యాబిన్ వెనక ఎడమ వైపు ఛాసిస్ (బండి బరువు మోసే అడుగు చట్రం) మీద సన్నటి పగులు కనబడిందని, ఇంట్లో 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ ఉందని రాశారు. రెండు వైపులా ముందు నుంచి వెనక దాకా 8 ఎంఎం పట్టీ కొట్టేస్తే సీతంపేట కొండల్లో ఇక టెన్షన్ ఉండదని మీ ఊరి వెల్డర్ చెప్పారట. ఆ 8 ఎంఎం పట్టీ మాట చదివాకే ఈ జవాబు రాయాలనిపించింది.

మాది రాజాం. నా బొలెరో పికప్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. నేను కొనేనాటికే దానికి క్యాబిన్ వెనక మందపాటి పట్టీ ఒకటి వేసి ఉంది. ఒకసారి బండి కింద దూరి వైర్ బ్రష్‌తో మట్టి గీకుతుంటే అసలు సంగతి బయటపడింది. పట్టీ చెక్కుచెదరలేదు. దాని చివర పైనుంచి కిందికి నిలువుగా వేసిన వెల్డు ఉంది చూడండి, ఆ వెల్డు అంచు వెంబడే ఛాసిస్ చీలింది. కింద గోరు పట్టేంత సందు, పైకి పోయేకొద్దీ సన్నబడిన గీత. సాలూరులో లారీ ఛాసిస్‌లు చేసే ఒక పెద్దాయనకి చూపిస్తే ఆయన అన్నది ఒక్కటే మాట: "ఇనుము ఎక్కువ పెడితే బండి గట్టిపడదు బావూ, ఇరిగే చోటు మారతాది."

కారణం ఇది. ఘాట్ రోడ్డు దిగి మట్టి దారి పట్టినప్పుడు ఒక చక్రం రాయి ఎక్కుతుంది, ఎదురు మూల చక్రం గోతిలో దిగుతుంది. అప్పుడు ఛాసిస్ కొంచెం మెలి తిరగాలి. అందుకే దాన్ని అలా చేస్తారు. కావడి బద్ద బరువుకి ఊగబట్టే భుజం తట్టుకుంటుంది కదా, ఇదీ అంతే. ఛాసిస్ మందానికి రెట్టింపు పట్టీ ఒకచోట వేస్తే అక్కడ ఊగడం ఆగిపోతుంది. ఆ ఊపంతా పట్టీ ఆగిన చోట, రెండు అంగుళాల జాగాలో పడుతుంది. అదే చోట నిలువు వెల్డు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి మెషిన్ బయటికి తీసేముందు అసలు పగులు ఎందుకొచ్చిందో చూడండి. మన ఏజెన్సీ బళ్లలో నేను ఎక్కువగా చూసింది వెనక బరువు. అనాస పళ్లో, చీపుర్ల కట్టలో వెనక డాలా దించేసి బయటికి వచ్చేదాకా పేరుస్తారు. బరువంతా వెనక ఇరుసు దాటి వేలాడితే క్యాబిన్ వెనక ఛాసిస్ వంగుతుంది. రెండోది, లోడు కోసం కమాన్ పట్టీలకి (ఇరుసు దగ్గర స్ప్రింగులా ఊగే ఇనుప పట్టీలు) అదనంగా మరో రెండు వేయించడం. కమాన్ ఆడకపోతే ప్రతి గుంత దెబ్బా నేరుగా ఛాసిస్‌కే తగులుతుంది. మూడోది, బాడీని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు వదులవడం, మధ్య రబ్బర్లు నలిగిపోవడం. ఇవి సరిచేయకుండా ఎంత ప్లేటు వేసినా డబ్బులు దండగ.

బండి మునుపు భావనపాడు, కళింగపట్నం వైపు చేపల లోడుకి తిరిగిందా అని కూడా కనుక్కోండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారి ఛాసిస్ లోపలి వైపు నిలుస్తాయి. సుత్తితో మెల్లగా కొడుతూ వెళ్లండి. ఖంగుమనాల్సిన చోట మొద్దుగా మోగినా, పొరలు రాలినా అది ఇంటి పని కాదు. తుప్పు తిన్న రేకు మీద వెల్డు నిలవదు.

పగులు ఎంతవరకు పోయిందో తెలియడానికి సాలూరు పెద్దాయన చూపించిన కిటుకు చెబుతాను. పెయింటు పూర్తిగా గీకి, పగులు మీద డీజిల్ రాసి కాసేపు వదిలేయండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి. లోపలికి దిగిన డీజిల్ మెల్లగా ఊరి తెల్లటి సుద్ద మీద తడి గీతలా తేలుతుంది. నా బండిలో కంటికి కనబడినదానికి మించి బొటనవేలంత పొడవు గీత తేలింది. ఆ చివర కొంచెం దాటించి 5 లేదా 6 ఎంఎం రంధ్రం వేయాలి. పగులు ఇంకా పాకకుండా ఆపేది అదే. తర్వాత గ్రైండర్‌తో పగులు వెంబడి 'వి' ఆకారంలో గాడి తీసి, అడుగు దాకా వెల్డు నింపి, ఛాసిస్‌తో సమంగా గ్రైండ్ చేసి, అప్పుడు పైన ప్లేటు.

ప్లేటు ఛాసిస్ మందమే ఉండాలి, అంతకు మించొద్దు. వెర్నియర్‌తో కొలవండి. అది నిలువు పక్క మీద మాత్రమే పడాలి. పై అంచు మీదా కింది అంచు మీదా అడ్డంగా వెల్డు వేయొద్దు, రంధ్రాలూ చేయొద్దు. చివరలు చతురస్రంగా కోయకుండా కోసుగా, చేప తోకలాగానో వాలుగానో కోయండి. బరువు ఒక్కసారిగా కాకుండా మెల్లగా దిగుతుంది. ప్లేటు చివర ఏ క్రాస్ మెంబర్ (ఛాసిస్ రెండు పక్కల్నీ కలిపే అడ్డ కమ్మీ) అంచుకీ, కమాన్ బ్రాకెట్‌కీ ఎదురుగా ఆగకూడదు. ఛాసిస్ లోపలి వైపు కూడా వేస్తే రెండు ప్లేట్లూ ఒకే చోట ఆగనివ్వకండి, ఒకటి ముందూ ఒకటి వెనకా ఉండాలి. అమెరికాలో ఆఫ్‌రోడ్ పికప్‌లకి మోడల్‌ని బట్టి కోసిన ప్లేట్లు అమ్ముతారు. వాటి వీడియోలు చూస్తే మధ్యలో గుండ్రటి రంధ్రాలు కనబడతాయి. ఆ రంధ్రాల్లో వెల్డు నింపితే ప్లేటు నడుమ కూడా ఛాసిస్‌ని పట్టుకుంటుంది. మన ప్లేటుకి డ్రిల్లుతో అదే పని చేసుకోవచ్చు.

షాపులో ఊరికే రాడ్డు అడిగితే 6013 ఇస్తారు. గేట్లకీ గ్రిల్స్‌కీ అది చాలు. ఇక్కడ 7018 అడగండి. దాని పూత తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టిన రాడ్డుతో వేసిన వెల్డు తర్వాత లోలోపల పగులుతుంది. మన సముద్రపు గాలికి విప్పిన ప్యాకెట్ నిలవదు, ఆ రోజే వాడేయండి. రాడ్డు పట్టే హోల్డర్ వైరు మెషిన్ ప్లస్‌కి పెట్టండి. 2.5 ఎంఎం రాడ్డుకి 70 నుంచి 90 ఆంపియర్లు సరిపోతాయి, ఇంటి 16 ఆంపియర్ల ప్లగ్గు మీద కూడా అంత భారం పడదు. ముందు అదే మందం తుక్కు ముక్కల మీద వేసి, విరగ్గొట్టి చూసుకోండి. విరిగిన చోట లోపల సందులు, మసి కనబడితే బండి జోలికి వెళ్లకండి.

వెల్డింగ్ రోజు జాగ్రత్తలు ఒక్కటి కూడా వదలొద్దు. బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి, ముందు మైనస్. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ప్లగ్గులు ఊడదీయాలి. ఎర్త్ క్లాంపు (మెషిన్ రెండో వైరు క్లిప్పు) వెల్డు పక్కనే, గీకిన ఇనుము మీద పట్టించాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. డీజిల్ ట్యాంకు దింపేయడమే మేలు. సీఎన్‌జీ బండయితే ఈ పని ఇంట్లో వద్దేవద్దు. బ్రేకు పైపులు, వైరింగు పక్కకి కట్టి తడి గోనెసంచి కప్పండి. ఇసుక బకెట్ పట్టుకుని ఒక మనిషి పక్కన ఉండాలి.

బండి ఖాళీగా, సమంగా, గట్టి స్టాండ్ల మీద ఉండాలి. జాకీ మీద ఉంచి కింద దూరొద్దు. ఛాసిస్ మూల నుంచి మూలకి టేపుతో రెండు వైపులా కొలిచి, తేడా ఉంటే ఆగిపోండి. అది వంగిన ఛాసిస్, ముందు దాన్ని వర్క్‌షాప్‌లో సరిచేయించాలి. వెల్డు ఒక గీతగా లాగకుండా అంగుళంన్నర చొప్పున ఒకటి ఇటు, ఒకటి అటు వేస్తూ వెళ్లండి. ప్లేటు మొనల దగ్గర ఒక అంగుళం వెల్డు వేయకుండా వదిలేయండి. వేడి వెల్డు మీద నీళ్లు చల్లడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఇక్కడ అది చేయొద్దు, ఇనుము పెళుసెక్కుతుంది. దానంతట అదే చల్లారనివ్వాలి. ఆ తర్వాత జింక్ ప్రైమర్, ప్లేటు అంచుల చుట్టూ సీలెంట్, పైన పెయింటు. వదిలేసిన మొనల దగ్గర సీలెంట్ మరీ ముఖ్యం. ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య నీరు దూరితే బయటికి కనబడకుండా తినేస్తుంది.

ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ అసలు తగలకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే. పగులు బాగుచేయడం వేరు, ఛాసిస్ రూపం మార్చడం వేరు. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి కాబట్టి, పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీసి ఉంచండి.

స్టీరింగ్ బాక్సు దగ్గర గానీ, కమాన్ బ్రాకెట్ దగ్గర గానీ పగులు ఉంటే, లేదా రెండు వైపులా ఎదురెదురుగా ఉంటే మాత్రం సాలూరు తీసుకెళ్లిపోండి. నాదీ సగం పని అక్కడే చేయించాను. పాత పట్టీ కోసి తీయడం, ఛాసిస్ సరి చూడడం వాళ్లు చేశారు, ప్లేట్లు ఇంటి దగ్గర వేసుకున్నాను. ఆ తర్వాత సాలూరు నుంచి ఒడిశా వైపు ఎక్కే సుంకి ఘాట్‌లో లోడుతో బాగానే తిరుగుతోంది. ఇప్పటికీ సర్వీసింగ్‌కి ఎత్తినప్పుడల్లా ప్లేటు మొనల దగ్గర డీజిల్, సుద్దపొడి రాసి చూస్తాను.

మీ పగులు పై అంచు నుంచి మొదలైందా, కింది అంచు నుంచా? దగ్గర్లో రంధ్రం గానీ బ్రాకెట్ గానీ ఉందా? పెయింటు గీకాక టేపు పక్కన పెట్టి ఫొటో తీసి పెట్టండి, ప్లేటు ఎంత పొడవు కోయాలో చూసి చెబుతాను.